ద్వివచనం

శనివారం సాయంత్రం ఆరింటికి
వలల కొట్టు మీది గదిలో చచ్చిపోయిన భాష చెబుతాను.
చచ్చిపోయిందని ఈ దీవిలో ఎవరూ ఒప్పుకోరు.
తాతగారి కోటులా తొడుక్కుని తిరుగుతారు,
జేబులో చెయ్యి పెడితే మాత్రం అడుగుండదు.

పెలాయియా రాత్రి డ్యూటీ నర్సు,
కర్తకీ క్రియకీ మధ్య కునుకు తీస్తుంది.
రొట్టెల బట్టీ కుర్రాడు లుల్జిమ్
ప్రతి పేజీ మీదా పిండి వేలిముద్ర వదిలిపెడతాడు.
అర్గీరిస్‌కి అరవై తొమ్మిది. ఓడల యార్డులో వడ్రంగి.
చెవి మీద పెన్సిలు,
వాక్యాన్ని ఒంటికన్నుతో చూస్తాడు
వంకరుందేమో అని.

ముప్పై ఏళ్ళుగా నలభై ఒకటో పేజీ దాటేయమనే చెప్పాను.
పరీక్షకి రాదు.
ఒకటికీ చాలాకీ నడుమ ఇరుక్కున్న సన్నటి గడి.
రెండు కళ్ళు, రెండు చేతులు,
ఒకే కాడి కింద రెండెద్దులు,
వీటికి వేరే తోక, వేరే క్రియ.
తరవాత జనానికి ఓపిక తగ్గింది,
రెండుని కూడా చాలా అనేశారు.

అర్గీరిస్ దాటెయ్యలేదు.
మేకుల కొట్టు రసీదు వెనక జాబితా రాసుకొచ్చాడు:
తెడ్లు. తలుపు రెక్కలు. చెప్పులు.
కత్తెర (ఇది ఒకటా, రెండా, కిరియా?)
అన్నిటికన్నా అడుగున, గట్టిగా నొక్కి, రంపం.

రంపం ఒకటేగా, అన్నాను.

"రంపం ఒకటే. పిడులు రెండు.
అటు జాన్నిస్, ఇటు నేను.
నెట్టకూడదు. లాగాలి, ఆనక వదలాలి.
నెట్టావా, రేకు వంగిపోతుంది.
మా నాన్న మాకు నేర్పిన వ్యాకరణం ఇంతే.
మేమిద్దరం కోశాం, అనాలంటే ఎలా?"

పట్టిక తెరిచాను.
మీరిద్దరు కోశారు, ఉంది.
వాళ్ళిద్దరు కోశారు, ఉంది.
మేమిద్దరం దగ్గర గడి ఖాళీ.
వెతికితే ఒకటో రెండో చోట్ల దొరుకుతుందంటారు,
పండితులు వాటినీ నమ్మరు.

చాలాసేపు ఆ ఖాళీని బొటనవేలితో తడిమాడు,
చెక్కలో ముడి ఎక్కడుందో వెతుకుతున్నట్టు.
"అంటే గట్టు మీద నిలబడి చూసేవాడికి ఇద్దరం.
మాకు మేం గుంపు."

ఊరందరికీ తెలుసు ఆ సంగతి.
చెక్క పడవలకి సర్కారు డబ్బిచ్చి
పొక్లెయిన్‌తో చితగ్గొట్టించిన ఏడాది
నాన్న పడవ మీద సంతకం పెట్టింది జాన్నిస్.
కొలిచి కోసిన పలకలు
అప్పడంలా విరుగుతుంటే
అర్గీరిస్ రేవులో నిలబడి లెక్కపెట్టాడట.
ఇరవై రెండేళ్ళు.
ఫెర్రీ టికెట్ల వరసలో అన్నదమ్ముల మధ్య
ఎప్పుడూ ఇంకెవరో ఒకరుంటారు.
ఆ ఒకర్ని నేనూ అయ్యాను, రెండుసార్లు.

తరవాతి శనివారం
ఖాళీ గడిలో పెన్సిలు రాత.
తనే ఒక రూపం చేసుకున్నాడు:
ధాతువు సరే, తోక తప్పు,
అతుకు దగ్గర మాత్రం బాగా చిత్రిక పట్టాడు.
పక్కనే ఇంటిభాషలో అర్థం: మనిద్దరం కోశాం.
ఎర్ర కలం నా చేతిలోనే ఉంది.
మూత తీశాను. మళ్ళీ పెట్టేశాను.

దక్షిణపు గాలి మొదలైంది, వారాలు గడిచాయి.
అతని పుస్తకంలో నలభై తరవాత నలభై మూడు.
ఏమైందని అడగలేదు.

నిన్న లుల్జిమ్ చెప్పాడు.
కొండ మీదికి రొట్టెలు మోసుకెళ్ళే వాడికి
ప్రతి తలుపూ తెలుసు.
జాన్నిస్ వంటింట్లో, పొయ్యి పక్కన,
మేకు కొట్టి ఉందట ఒక పేజీ.
నూనె చుక్కలు కూడా పడ్డాయట.
"అందులో ఒక తప్పుంది, కిరియా.
ఆయనకి చెప్పమంటారా?"

వద్దన్నాను.

కింద ఎవరో వలలు ఈడుస్తున్నారు, ఆగి, మళ్ళీ ఈడుస్తున్నారు.
పెలాయియా ఉలిక్కిపడి లేచి
కళ్ళు నులుముకుంటూ అడిగింది:
ఎన్నో పేజీలో ఉన్నాం మనం?